అప్‌డేట్లు వద్దనే వాళ్ల మాట కూడా వినండి

సంపాదకులకు నమస్కారం.

నేను తెనాలిలో కంప్యూటర్లు బాగుచేస్తాను. షాపు చిన్నదే, పని ఎక్కువగా షాపు బయటే ఉంటుంది. డీటీపీ సెంటర్లు, ఫొటో స్టూడియోలు, జిరాక్స్ షాపులు, టాలీలో లెక్కలు రాసుకునే మిల్లులు, ఒకటి రెండు ప్రైవేటు స్కూళ్లు, అప్పుడప్పుడు ప్రభుత్వ ఆఫీసులు. వైరస్ దాడి గురించి వార్త వచ్చినప్పుడల్లా పత్రికల్లో చివర ఒక వాక్యం చూస్తుంటాను, కంప్యూటర్లను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకోవాలని నిపుణులు సూచిస్తున్నారు అని. మాట నిజమే. కానీ నేను కొత్త సిస్టమ్ బిగించి లేవబోతుంటే చాలామంది అడిగేది వేరు. "ఆ అప్‌డేట్లు మాత్రం రాకుండా చేసి వెళ్లు తమ్ముడూ" అంటారు. వాళ్లు తెలివితక్కువ వాళ్లు కాదు, బద్ధకస్తులు అసలే కాదు. వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. అవి ఎక్కడా అచ్చులో కనిపించడం లేదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు డీటీపీ సెంటర్ సంగతి. శుభలేఖలు, కరపత్రాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, దస్తావేజుల డ్రాఫ్టులు మన ఊళ్లలో ఇప్పటికీ చాలాచోట్ల పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే పాత ప్రోగ్రామ్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతోనే తయారవుతాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. 2004లో దాని అభివృద్ధి ఆగిపోయింది. అయినా మన ఆపరేటర్ల వేళ్లు ఆ కీబోర్డుకే అలవాటు పడ్డాయి. ఏళ్ల తరబడి చేసిన పనంతా ఆ ఫైళ్లలోనే ఉంది. ఆ ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా కనిపించే అక్షరాల పద్ధతి) కావు కాబట్టి అదే ఫైలును వేరే ప్రోగ్రామ్‌లో తెరిస్తే తెలుగుకు బదులు పిచ్చి గీతలు కనిపిస్తాయి. ఈ సరంజామా అంతా విండోస్ ఎక్స్‌పీ కాలం నాటిది. విండోస్ 7లో దాన్ని ఎలాగో నడిపించాం, 10లో ఇంకా తంటాలు పడి నడిపిస్తున్నాం. ఒక పెద్ద అప్‌డేట్ పడిన మర్నాడు ఆ తెలుగు టైపింగ్ నడిపించే కీబోర్డు మేనేజర్ తెరుచుకోలేదనుకోండి, అది ముహూర్తాల నెల అయితే ఆ మనిషి పరిస్థితి చూడాలి. పెళ్లివారు ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంటారు, శుభలేఖలు రేపటికి కావాలంటారు. అప్పుడు సెక్యూరిటీ గురించి చెబితే ఎవరి చెవికెక్కుతుంది?

ప్రింటర్ కథ వేరు. 2021లో విండోస్ ప్రింటింగ్ వ్యవస్థలో ప్రింట్‌నైట్‌మేర్ అనే పెద్ద లోపం బయటపడింది. దాన్ని పూడ్చే క్రమంలో సెప్టెంబర్‌లో వచ్చిన అప్‌డేట్ తర్వాత, ఒక కంప్యూటర్‌కు తగిలించిన ప్రింటర్‌ను పక్క కంప్యూటర్లు కూడా వాడుకునే చోట్ల చాలావాటిలో 11బీ ఎర్రర్ వచ్చి ప్రింట్లు ఆగిపోయాయి. మన జిరాక్స్ షాపులూ ఆఫీసులూ నడిచేది అలాగే. బల్లకొక ప్రింటర్ ఎవరు కొనగలరు? ఆ నెలంతా మా వృత్తిలో ఉన్నవాళ్ల ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. చాలామంది ఆ అప్‌డేట్ తీసేసి, మళ్లీ రాకుండా అప్‌డేట్ సర్వీసునే ఆపేసి వెళ్లారు. ఆ రోజుకు అది అవసరమే. కానీ తిరిగి వెళ్లి దాన్ని మొదలుపెట్టిన వాళ్లు తక్కువ. ఇప్పటికీ కొన్ని షాపుల్లో సిస్టమ్ తెరిచి చూస్తే ఆఖరి అప్‌డేట్ తేదీ 2021 అని కనిపిస్తుంది.

ఒక ప్రభుత్వ ఆఫీసులో మానిటర్ అంచుకు "అప్‌డేట్ చేయరాదు" అని టైపు చేసిన కాగితం అతికించి ఉండేది. అక్కడ డిజిటల్ సంతకానికి వాడే పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అనే పాత బ్రౌజర్‌లో తప్ప పనిచేసేది కాదు. ఆ బ్రౌజర్‌కు 2022 జూన్ 15తో కాలం చెల్లింది. సంతకం పడకపోతే బిల్లులు ఆగుతాయి, బిల్లులు ఆగితే పైనుంచి ఫోన్ వస్తుంది. ఆ కాగితం అతికించిన గుమాస్తా గారిని నేనేమీ అనలేను. వెబ్‌సైటు తయారు చేయించిన వాళ్లు దాన్ని ఐదారేళ్లు అలాగే వదిలేస్తే ఆయన మాత్రం ఏం చేస్తారు? ఇక ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిచే ఇళ్లలో, ఆ రోజు డేటా అంతా అప్‌డేటే తాగేసిందనే గొడవ అందరికీ తెలిసిందే.

ఇంత చెప్పి కూడా, అప్‌డేట్లు ఆపేయడాన్ని నేను సమర్థించను. ఆపేసిన చోట్ల ఏమవుతుందో చూస్తున్నాను కాబట్టి.

2017 మే 12న వాన్నాక్రై అనే వైరస్ దాదాపు 150 దేశాల్లో కంప్యూటర్లకు తాళం వేసి 300 డాలర్లు ఇస్తేనే తీస్తానంది. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు ఆఫీసుల కంప్యూటర్లు, తిరుమల తిరుపతి దేవస్థానం కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. విండోస్‌లో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతిలో ఉన్న లోపం గుండా అది లోపలికి వచ్చింది. ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్ మార్చి 14నే విడుదలైంది. సుమారు రెండు నెలలు టైముంది. ఎక్స్‌పీకి అయితే 2014 ఏప్రిల్‌లోనే అప్‌డేట్లు ఆగిపోయాయి, దాడి జరిగాక గానీ దానికి ప్రత్యేకంగా ఒకటి ఇవ్వలేదు. "మేం తెలియని లింకులేవీ నొక్కం, మాకేం కాదు" అనే వాళ్లకు నేను వాన్నాక్రై గురించే చెబుతాను. అది ఎవరూ ఏమీ నొక్కకుండానే ఒక కంప్యూటర్ నుంచి నెట్‌వర్క్‌లోని పక్క కంప్యూటర్‌కు తనంతట తానే పాకింది. ఆ తర్వాత 2019లో మన రెండు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు ర్యాన్సమ్‌వేర్ (ఇలా తాళం వేసి డబ్బడిగే వైరస్) వల్ల ఆగిపోయి జనం ఆన్‌లైన్‌లో కరెంటు బిల్లు కట్టలేకపోయారు. 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు ఆగిపోయి రోజుల తరబడి పనంతా చేత్తో రాసుకున్నారు. ఇవి పేపర్లో వచ్చినవి. మా ఊళ్లలో షాపుల్లో జరిగేవి ఏ పేపర్లోనూ రావు.

డీటీపీ సెంటర్ అంటే ఊళ్లో పెన్‌డ్రైవ్‌లన్నీ వచ్చిపోయే చోటు. పొద్దున స్కూలు మేడమ్ ప్రశ్నపత్రం తెస్తారు, మధ్యాహ్నం కాలేజీ పిల్లలు ప్రాజెక్టు రిపోర్టు తెస్తారు, సాయంత్రం ఎవరో పాస్‌బుక్ స్కాన్ కాపీ తెస్తారు. షార్ట్‌కట్ వైరస్ ఇలాంటి చోటే పెరుగుతుంది. అది పెన్‌డ్రైవ్‌లోని అసలు ఫోల్డర్లను దాచేసి అవే పేర్లతో షార్ట్‌కట్‌లు పెడుతుంది. మీరు నొక్కగానే ముందు వైరస్ నడుస్తుంది, వెంటనే ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది. అందుకే అనుమానం రాదు. ఫైళ్లు ఎక్కడికీ పోవు, దాక్కుని ఉంటాయంతే, నిమిషాల్లో బయటికి తీయొచ్చు. అది తెలియక పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసుకుని ఏడ్చిన పిల్లలున్నారు. అంతకంటే నన్ను భయపెట్టేది ఆ కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్. జనం వాట్సాప్‌లో పంపిన ఆధార్ కాపీలు, కుల ధ్రువీకరణ పత్రాలు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీలు నెలల తరబడి అందులోనే ఉంటాయి. పాస్‌వర్డ్‌లు దొంగిలించే వైరస్‌లు చప్పుడు చేయవు. స్క్రీన్ మీద ఏమీ చూపించకుండా బ్రౌజర్‌లో సేవ్ చేసినవన్నీ ఎత్తుకుపోతాయి. షాపు యజమాని ఒక్కడి నష్టం కాదది, ఊరందరిదీ.

గత ఏడాది నేను చూసిన ఒక కేసు వివరంగా చెప్పాలి. ఒక ఫొటో స్టూడియో అతను ఆల్బమ్ డిజైన్‌కు వాడే ప్లగిన్ కోసం ఒక వీడియో కింద ఉన్న లింకు నుంచి క్రాక్, అంటే డబ్బు కట్టకుండా వాడుకునే దొంగ కాపీ, దించుకున్నాడు. జిప్ ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టి ఉంది, ఆ పాస్‌వర్డ్ కూడా వాళ్లే ఇచ్చారు. పక్కనే "ముందు యాంటీవైరస్ ఆపండి" అని రాసి ఉంది. ఈ రెండూ కలిసి కనిపిస్తే అక్కడితో ఆగిపోవాలి. పాస్‌వర్డ్ పెట్టేది యాంటీవైరస్ లోపలికి తొంగిచూడకుండా. ఆపమనేది బయటికి వచ్చాక పట్టుకోకుండా. కాసేపటికి ఫొటోల పేర్ల చివర నాలుగక్షరాల కొత్త తోకలు మొలిచాయి. ప్రతి ఫోల్డర్‌లోనూ రీడ్‌మీ అనే చీటీ, అందులో 980 డాలర్లు కట్టమని, 72 గంటల్లోపు అయితే సగానికే అంటే 490కే ఇస్తామని. ఇది స్టాప్ అనే పేరున్న ర్యాన్సమ్‌వేర్ జాతి. పెద్ద కంపెనీల జోలికి పోదు. క్రాక్‌ల కోసం వెతికే మనలాంటి చిన్నవాళ్ల మీదే బతుకుతుంది.

బ్యాకప్ అని అతను కొనిపెట్టుకున్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఆ సమయంలో తగిలించే ఉంది. దానికీ తాళం పడింది. ఇంకా ఆల్బమ్ ఇవ్వని పెళ్లిళ్లు అందులో ఉన్నాయి. "డబ్బంటే తిరిగిచ్చేస్తానన్నా, తలంబ్రాలు మళ్లీ పోయించలేను కదా" అన్నాడు. నాకంటే ముందు చూసినవాళ్లు ఫార్మాట్ కొట్టేద్దామన్నారట. అతను ఒప్పుకోకపోవడం మంచిదైంది. కెమెరా మెమరీ కార్డులు కొన్ని మళ్లీ వాడకుండా ఉండటంతో డిలీట్ అయిన ఫొటోలు వాటిలోంచి కొంతవరకు తిరిగొచ్చాయి. ఈ వైరస్ ప్రతి ఫైలులోనూ మొదటి 150 కేబీ ప్రాంతానికి మాత్రమే తాళం వేస్తుంది. అందుకని పెద్ద వీడియోల మొదటి భాగాన్ని బాగుచేసే ప్రోగ్రామ్‌తో చాలా వీడియోలు నడిచాయి. మిగతా ఫొటోలు ఇప్పటికీ తెరుచుకోలేదు. 2019లో ఎమ్సీసాఫ్ట్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్లు ఈ జాతికి ఉచితంగా తాళంచెవి ప్రోగ్రామ్ విడుదల చేశారు, కానీ అది పాత రకాలకూ, ఇంటర్నెట్ లేనప్పుడు పడిన తాళాలకూ ఎక్కువగా పనికొస్తుంది. ఇతనిది ఆ కోవలోకి రాలేదు. తాళం పడ్డ ఫైళ్లన్నీ వేరే డిస్కులో దాచి ఉంచాం. ఎప్పటికైనా తాళంచెవులు బయటపడొచ్చు.

అందుకని ఇలాంటిది జరిగిన గంటలో ఏం చేయాలో మీ పాఠకులకు చెబుతాను. ముందు నెట్ కేబుల్ పీకేయండి, వైఫై ఆపండి, తగిలించి ఉన్న డిస్కులు తీసేయండి. ఫార్మాట్ చేయకండి. డబ్బు కట్టకండి. కట్టినా ఫైళ్లు వస్తాయన్న హామీ లేదు. ఆ చీటీని, తాళం పడ్డ ఒకటి రెండు ఫైళ్లను ఇంకో కంప్యూటర్ నుంచి నో మోర్ ర్యాన్సమ్ అనే వెబ్‌సైటులో పెడితే ఏ రకమో, ఉచితంగా తాళం తీసే మార్గం ఉందో లేదో చెబుతుంది. యూరప్ పోలీసు సంస్థలు, సెక్యూరిటీ కంపెనీలు కలిసి నడిపేది అది. జీమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు వెంటనే మార్చండి, ఆ కంప్యూటర్‌లో మాత్రం కాదు, శుభ్రంగా ఉన్న ఫోన్‌లో. ర్యాన్సమ్‌వేర్‌తో పాటు పాస్‌వర్డ్ దొంగ కూడా వచ్చి ఉండొచ్చు. డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత ముందు చేస్తే అంత మేలు. మామూలు వైరస్ అనిపిస్తే విండోస్‌లోనే ఉన్న డిఫెండర్ అనే యాంటీవైరస్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. విండోస్ మొదలవకముందే అది వెతుకుతుంది కాబట్టి దాక్కున్నవి దొరుకుతాయి. కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం వెబ్‌సైటులో ఉచిత టూల్స్ కూడా ఉన్నాయి, మా ఊళ్లో దాని పేరు విన్నవాళ్లు నాకు ఎదురుపడటం తక్కువ. స్క్రీన్ మీద సైరన్ మోగుతూ "ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని వచ్చేది మాత్రం వైరస్ హెచ్చరిక కాదు, మోసం. బ్రౌజర్ మూసేస్తే సరిపోతుంది.

ఇక అప్‌డేట్ల విషయంలో నేను షాపుల్లో అనుసరించే పద్ధతి ఇది. విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్లు నెలలో రెండో మంగళవారం విడుదలవుతాయి. అమెరికాలో పొద్దున అయితే మనకు ఆ రాత్రి పదిన్నర, పదకొండున్నర అవుతుంది. బుధవారం షాపు తీసి సిస్టమ్ ఆన్ చేయగానే అప్‌డేట్ మొదలై విసిగించేది అందుకే. నేను సెట్టింగ్స్‌లో యాక్టివ్ అవర్స్ షాపు టైముకు సరిపోయేలా పెడతాను, ఆ గంటల్లో అది తనంతట తాను రీస్టార్ట్ అవదు. నాలుగు సిస్టమ్‌లు ఉన్నచోట ముందు ఒకదానికే ఎక్కిస్తాం. రెండు మూడు రోజులు ప్రింటరూ, టాలీ, తెలుగు టైపింగూ అన్నీ నడిచాయని చూసి మిగతా వాటికి. అప్పటిదాకా వాటిలో అప్‌డేట్లను పాజ్ చేసి ఉంచుతాం. పాజ్ అంటే ఆపేయడం కాదు, గడువు తీరగానే అదే మళ్లీ మొదలవుతుంది. సర్వీసు ఆపేస్తే ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని మళ్లీ తెరవాలి, అది జరగదు.

ఒకటి ముందు, మిగతావి తర్వాత అనేది నా చాదస్తం అనుకోవద్దు. 2024 జులై 19న ఒక సెక్యూరిటీ కంపెనీ పంపిన అప్‌డేట్‌లో లోపం ఉండి ప్రపంచమంతా దాదాపు 85 లక్షల కంప్యూటర్లు నీలి తెరతో నిలిచిపోయాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసి ఇచ్చారు. అంతటి వాళ్లకే జరిగినప్పుడు అప్‌డేట్ అంటే భయపడే డీటీపీ ఆపరేటర్ భయం అర్థం చేసుకోదగినదే. ఆ భయానికి మందు బ్యాకప్. బ్యాకప్ తీసుకోగానే డిస్కు పీకి బీరువాలో పెట్టాలి.

పేజ్‌మేకర్ వదలలేని వాళ్లకు నేను చెప్పేది ఇంకోటుంది. ఆ పాత సిస్టమ్‌ను అలాగే ఉంచుకోండి, నెట్ కనెక్షన్ మాత్రం పూర్తిగా తీసేయండి. బయటి పెన్‌డ్రైవ్‌లు, వాట్సాప్, ఈమెయిల్ అన్నీ అప్‌డేట్ అయ్యే రెండో సిస్టమ్‌లో పెట్టండి. రెండింటి మధ్య ఫైళ్లు మోయడానికి మీ సొంత పెన్‌డ్రైవ్ ఒక్కటే ఉండాలి, ప్రతిసారీ స్కాన్ చేయాలి. కొంచెం ఇబ్బందే, కానీ చేస్తున్నవాళ్లున్నారు, నడుస్తోంది.

ఇప్పుడు ఇదంతా రాయడానికి తొందర దేనికంటే, 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ముగిశాయి. విండోస్ 11 ఎక్కాలంటే ఇంటెల్‌లో సుమారుగా ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి. మా ఊళ్లలో ఉన్నవి ఎక్కువగా సికింద్రాబాద్ సీటీసీ నుంచో విజయవాడ నుంచో తెచ్చుకున్న సెకండ్ హ్యాండ్ సిస్టమ్‌లు, మూడో తరానివో నాలుగో తరానివో. ఇళ్లలో వాడే విండోస్ 10 కంప్యూటర్లకు మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని చెప్పింది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ చేసుకుంటే ఉచితం, అప్‌డేట్ పేజీలోనే నమోదుకు లింకు కనిపిస్తుంది. ఈ సంగతి తెలియక "ఇక కొత్తది కొనాల్సిందే" అని దుకాణం వాడు చెప్పింది నమ్మి అప్పుచేసిన కుటుంబం నాకు తెలుసు. పిల్లల చదువుకూ బ్రౌజింగ్‌కూ మాత్రమే వాడే పాత కంప్యూటర్ అయితే విండోస్ బదులు లైనక్స్ వేసుకున్నా హాయిగా నడుస్తుంది.

ప్రభుత్వాలను నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఉద్యోగులు, మీసేవ కేంద్రాల వాళ్లు వాడక తప్పని ప్రతి వెబ్‌సైటూ ఇప్పటి బ్రౌజర్లలో పనిచేసేలా చేయండి. మండల ఆఫీసుల్లో, స్కూళ్లలో ఏ కంప్యూటర్ అప్‌డేట్ బాధ్యత ఎవరిదో రాతపూర్వకంగా తేల్చండి. కంప్యూటర్లు కొనే టెండరులో అప్‌డేట్ల పనికి కూడా డబ్బు పెట్టండి. ఇప్పుడు ఆ పని ఎవరిదీ కాదు, పాడయ్యాక మాలాంటి వాళ్లను పిలుస్తారు. అలాగే పాత ఫాంట్లలో ఉన్న ఫైళ్లను యూనికోడ్‌లోకి తప్పుల్లేకుండా మార్చే మంచి ప్రోగ్రామ్‌ను ప్రభుత్వమే ఉచితంగా ఇస్తే, డీటీపీ సెంటర్లు పాత విండోస్‌ను పట్టుకుని వేలాడాల్సిన అవసరం సగం తీరుతుంది.

మిమ్మల్ని అడిగేది ఒకటి. మీ జిల్లా పేజీలో బంగారం ధరలు, వాతావరణం వేసే చోట నెలకొకసారి చిన్న పెట్టె వేయండి. రెండో మంగళవారం అప్‌డేట్ వస్తుంది కాబట్టి ఆ వారం శుక్రవారం వేస్తే సరిగ్గా ఉంటుంది. ఈ నెల అప్‌డేట్‌లో ఏ పెద్ద లోపం పూడ్చారు, ప్రింటర్లకో తెలుగు టైపింగ్‌కో ఇబ్బంది వచ్చినట్టు తెలిసిందా, వెంటనే వేసుకోవాలా రెండు రోజులు ఆగొచ్చా, ఇంతే. ఐదారు వాక్యాలు చాలు, తెలుగులో, షాపు అతనికి అర్థమయ్యేలా. మొదటి కొన్ని నెలలు రాసి పంపడానికి నేను సిద్ధం. పారితోషికం అక్కర్లేదు. మీ జిల్లా విలేకరి మా షాపుకు వచ్చినా సరే, ఫోన్ చేసినా సరే, గురువారం సాయంత్రానికల్లా సమాచారం అందిస్తాను.

ఇట్లు
ఒక కంప్యూటర్ మెకానిక్, తెనాలి